నాన్న పెట్టెలో బొమ్మ పడింది

ప్రతి ఇంట్లోనూ పారెయ్యలేని వస్తువు ఒకటుంటుంది. కొందరింట్లో రుబ్బురోలు, కొందరింట్లో అత్తగారి కాలం నాటి కుట్టుమిషను, ఇంకొందరింట్లో షట్టరున్న పాత టీవీ. అలాంటివైతే ఏ మూలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఓ పూలకూజా పెట్టేస్తే అలంకరణ కింద చెల్లిపోతుంది. మా ఇంట్లో ఉన్నది ఆరడుగుల వీడియోగేమ్ పెట్టె! దానికి గుడ్డ కప్పితే రాత్రిపూట ఎవరో మనిషి నిలబడ్డట్టే ఉంటుంది. మల్కాజ్‌గిరిలో రెండు గదుల వాటాలు ఎంతెంత ఉంటాయో నేను వేరే చెప్పాలా?

అది మా నాన్నగారిది. 1994లో మీర్జాల్‌గూడలో చిన్న మలిగె అద్దెకు తీసుకుని ఇలాంటివి రెండు పెట్టారు. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. మీ ఇళ్లలో మగపిల్లలుంటే 'ముస్తఫా' ఆట గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాను వాళ్ల క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. నోరు తిరగని ఆ పేరెందుకని, అందులో ఒక వీరుడి పేరే ఆటకి పెట్టేసుకున్నారు మన పిల్లలు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. బడి నుంచి రాగానే గల్లా దగ్గర కూర్చుని నోట్లకు చిల్లర ఇచ్చేదాన్ని. ఆడపిల్ల ఆ కుర్రాళ్ల మధ్య నిలబడి ఆడితే బాగోదని అమ్మ గట్టిగా చెప్పింది. కనుక నా సరదా చిల్లర లెక్కతోనే తీరింది. ఆ రూపాయి బిళ్లలతోనే అక్క పెళ్లి ఖర్చు కొంత, నా ఇంటర్ ఫీజులు మొత్తం గడిచాయి.

తర్వాత టీవీకి తగిలించుకునే గేమ్ క్యాసెట్లు వచ్చాయి, ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. 2001లో నాన్న మలిగె ఖాళీ చేశారు. ఒక పెట్టె అమ్మేశారు. రెండోది ఎందుకమ్మరని అమ్మ అడిగితే "ఉండనీ" అన్నారంతే.

పోయినేడు అమ్మ పోయాక నాన్నని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆయనతోపాటు ట్రంకుపెట్టె, దేవుడి పటాలు, ఇదీ వచ్చాయి. అమ్మ పోయినప్పటి నుంచి నాన్నకి మాట పడిపోయినట్టే అయింది. కాఫీ ఇస్తే తాగుతారు, పేపరిస్తే చూస్తారు, పిలిస్తే "ఊఁ" అంటారు. ఒకరోజు ఆయనే పాత సామాన్ల అబ్బాయిని కేకేసి పెట్టె చూపించారు. పన్నెండు వందలిస్తాను, ఆదివారం వచ్చి తీసుకుపోతాను అన్నాడు. మా వారు సంతోషం దాచుకోలేకపోయారు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "ఆట బోర్డే కదమ్మా పాడైంది, తెర వెలుగుతూనే ఉంది. బోర్డు బదులు మన పాత కంప్యూటర్ తగిలిస్తే సరి" అని శనివారం పొద్దున్నే పని మొదలెట్టాడు. వెనక తలుపు తీసి, అడుగునున్న బరువైన ఇనుప దిమ్మని బయటికి లాగాడు. "పాత స్టెబిలైజరు, ఊరికే గుయ్యిమంటోంది" అంటూ తెర వైరుని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టబోయాడు.

కుర్చీలో కళ్లు మూసుకున్న నాన్న దిగ్గున లేచారు. "ఒరేయ్, ఆగు! ప్లగ్గు పెట్టకు!" ఆ గొంతు విని ఏడాదయింది.

సంగతేమిటంటే, మా పెట్టెలో ఉన్నది కలర్ టీవీ సరుకే. అలాంటి కొన్ని టీవీల్లో లోపలి చట్రం ఇంటి కరెంటుకి నేరుగా కలిసి ఉంటుంది. పైన ప్లాస్టిక్ డొల్ల ఉండటం వల్ల మన చెయ్యి తగలదు. ఇక్కడ కంప్యూటర్ వైరు తగిలించామంటే ఆ చట్రం, కంప్యూటర్ డబ్బా, ఆడేవాళ్ల చేతికింద ఇనుప పలక అన్నీ ఒకటైపోతాయి. ఆ దిమ్మ స్టెబిలైజరు కాదు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. 230 వోల్టులు తీసుకుని మళ్లీ 230 వోల్టులే ఇస్తుంది. అయితే ఈ వైపు తీగకీ ఆ వైపు తీగకీ సంబంధం ఉండదు. "రోజూ అంతమంది పిల్లలు చేతులు పెట్టేవాళ్లు, ఒక్కడికీ షాక్ కొట్టలేదు. ఎందుకనుకున్నావు?" అన్నారు నాన్న. వాడి మొహం పాలిపోయింది. నా కాళ్లు వణికాయి.

ఆ తర్వాత మా ఎదురువాటా బాబాయిగారిని పిలిచాం. ఆయన ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారు. 1967లో పెట్టిన ఆ సంస్థ ఒకప్పుడు ఈసీ టీవీలు కూడా తయారుచేసేది కదా, ఆయనకి టీవీ అంటే ప్రాణం. రాగానే ట్యూబు మీద రబ్బరు టోపీలా కనబడేదాన్ని చూపించి, "అక్కడ ఇరవై వేల వోల్టుల పైమాటే. స్విచ్చి తీసేసినా కాసేపు ఉండిపోతుంది. నేను చెప్పేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అన్నారు. మీ ఇంట్లో పాత టీవీ ఉంటే మీరూ వెనక మూత తీయకండి. దుమ్ము దులపాలన్నా మెకానిక్ చేతే దులిపించుకోండి.

దిమ్మ మళ్లీ తన చోటికి చేరింది. కంప్యూటర్ తగిలించారు. తెరమీద ఒకే బొమ్మ ముక్కలై, వాలుగా చిరిగి, పరిగెత్తుతోంది. కీచుమని సన్నటి చప్పుడు. "ఆపెయ్, ఆపెయ్" అని బాబాయిగారు స్విచ్చి కట్టేశారు. అలాగే వదిలేస్తే లోపల ఈహెచ్‌టీ దగ్గర సరుకు కాలిపోవచ్చట. కాలితే మళ్లీ అలాంటి కొత్త ట్యూబు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక్కడే అసలు చిక్కు. తెరమీద బొమ్మని గీతలు గీతలుగా గీస్తారట, ముగ్గు వేసినట్టు. మన దేశపు పాత టీవీ సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. కంప్యూటర్ మామూలుగా పంపేది కనీసం 31 వేల పైచిలుకు. ఒకరు చపాతీలు వత్తుతూ ఒకరు కాలుస్తున్నారనుకోండి. వత్తే ఆవిడ రెట్టింపు జోరుగా వత్తి పడేస్తుంటే పెనం దగ్గరావిడ ఏం చేస్తుంది? ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతాయి. పెనాన్ని తొందరపెట్టి లాభం లేదు, వత్తే ఆవిడే నెమ్మదించాలి. పైగా, గీత ఎక్కడ మొదలెట్టాలో, బొమ్మ ఎక్కడ మొదలెట్టాలో కంప్యూటర్ రెండు తీగల మీద వేరువేరుగా చెబుతుంది. ఈ తెర రెండు కబుర్లూ ఒకే తీగ మీద కలిపి రమ్మంటుంది.

మా వాడు పార్క్‌లేన్ సీటీసీకి రెండుసార్లు తిరిగి పాత రేడియన్ కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. టీవీ వేగంతో బొమ్మ పంపేలా కొందరు ఔత్సాహికులు మార్చి రాసిన 'సీఆర్‌టీ ఎముడ్రైవర్' అనేదుంది, అది అలాంటి కొన్ని కార్డుల మీదే నడుస్తుంది. ముందు మామూలు మానిటర్ మీద అంతా సిద్ధం చేసుకున్నాడు. మధ్యలో పెట్టడానికి ఓ చిన్న బోర్డు తెప్పించాడు. అది రెండు కబుర్లనూ కలుపుతుంది, కంప్యూటర్ పంపే బలహీనమైన వెలుగుని పెంచుతుంది, జోరు మించితే తెరదాకా పోనివ్వదు. అందుకే స్విచ్చేసిన మొదటి నిమిషం తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడక్కర్లేదు. బోర్డు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా పాత సామాన్ల అబ్బాయి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రెండోసారి "ఇంకో వారం ఆగు" అని నాన్నే చెప్పి పంపించారు.

బోర్డు వచ్చాక బొమ్మ నిలబడింది. కానీ తెరంతా గులాబీరంగు! ఆకాశం, నేల, మనుషుల మొహాలు అన్నీ పసుపుకుంకుమల పేరంటంలా ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిస్తేనే తెలుపు. ఆకుపచ్చ రాకపోతే మిగిలేది ఇదీ. "ట్యూబు పోయింది తాతయ్యా" అని మా వాడు కూలబడ్డాడు. నాన్న మళ్లీ కుర్చీలోకి వెళ్లి కళ్లు మూసుకున్నారు. అది చూశాక నేను ఊరుకోలేకపోయాను.

మిక్సీ తిరక్కపోతే మనం ఏం చేస్తాం? ముందు వేరే ప్లగ్గులో పెట్టి చూస్తాం, తర్వాత జారు మార్చి చూస్తాం. ఒకసారికి ఒక్కటే మారుస్తాం. "ఎరుపు తీగ తీసి ఆకుపచ్చ చోట పెట్టి చూడు" అన్నాను. ముందు పెట్టె కరెంటంతా తీయించాను లెండి. మార్చి స్విచ్చేస్తే తెరమీద ఆకుపచ్చ వెలిగింది! అంటే ట్యూబుకేం కాలేదు, కంప్యూటర్ వైపే ఏదో ఉంది. ఫోను లైటు పెట్టి వైరు మూతి చూశాను. వరసకి ఐదు చొప్పున మూడు వరసల సూదులు. మధ్య వరసలో ఒకటి లేనే లేదు. అది చాలా వైర్లకి తయారీలోనే ఉండదట. పై వరసలో రెండోది మాత్రం పక్కకి వాలిపోయి ఉంది. అదే ఆకుపచ్చ. బాబాయిగారు చిన్న పట్టకారుతో నెమ్మదిగా నిలబెట్టారు.

బొమ్మ పడింది. ఏ రంగుకి ఆ రంగు. పాత ట్యూబు మీద ఆ వెలుగు ఇప్పటి పల్చటి టీవీల్లో రాదండీ, నా కళ్లకైతే రాదు. నాన్న లేచి వచ్చి, పక్కనున్న మరలు తిప్పి బొమ్మని మధ్యకి జరిపారు. ఏ మర ఎటు తిప్పాలో ఆయన వేళ్లకి ఇంకా గుర్తుంది. మా వారు కూడా వంటింటి గడపలో నిలబడి చూశారు. గది సంగతి ఆ రోజు ఎత్తలేదు.

ఆట మొదలుపెట్టబోతే కొత్త పేచీ. ఇప్పటి రూపాయి బిళ్ల చిన్నదైపోయింది కదా, పెట్టెలో వేస్తే ఆట ఇవ్వకుండా కిందికి జారిపోతోంది. కంప్యూటర్లో ఒక మీట నొక్కితే బిళ్ల లేకుండానే ఆడొచ్చని మా వాడన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. పోపులపెట్టె, దేవుడి హుండీ, అమ్మ ట్రంకుపెట్టె అడుగు అన్నీ వెతికితే పాత పెద్ద రూపాయిలు పదకొండు దొరికాయి. మొదటిది నా చేతికిచ్చి "నువ్వు ఆడు" అన్నారు నాన్న. పదకొండూ అయిపోగానే కింద తలుపు తీసి ఆయనే లెక్కపెట్టి ఇస్తున్నారు. నిన్న పది లెక్క తేలాయట, పదకొండోది ఏమైందని పొద్దున్నుంచి మా వాణ్ణి నిలదీస్తున్నారు.