పురుగు ఆయుష్షు, పసుపు గుళిక, ఒక క్రియాపదం



తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు నేర్పే మనకు ఒక వింత పరిస్థితి ఉన్నది. మన పిల్లలు విజ్ఞానశాస్త్రాన్ని ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, తమిళంలోనో చదువుకుంటారు. తెలుగు పీరియడులో పద్యాలు, కథలు, వ్యాకరణం చదువుతారు. ఇంట్లో పెద్దల ఫోనుకు వచ్చే ఆరోగ్య సందేశాలు మాత్రం చక్కని తెలుగులో ఉంటాయి. "పసుపు ఆయుష్షును పెంచుతుంది, శాస్త్రవేత్తలు నిరూపించారు" అన్న సందేశం చదివి, నా విద్యార్థిని ఒకామె తాతగారు మధుమేహం మాత్రలు మాని పసుపు గుళికలు మింగసాగారు. "నిజమేనా సార్?" అని ఆ పిల్ల అడిగింది. దానికి తెలుగులో జవాబు చెప్పవలసినది మనమే.

అబద్ధమని కొట్టివేయడం సులభం. కాని అది న్యాయం కాదు. ఆ వార్తకు మూలం సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, దేహం పారదర్శకం, ఆయుష్షు రెండు మూడు వారాలు. ఒక ఔషధం ఆయుష్షును పెంచుతుందా అని మనుషులలో పరీక్షించాలంటే దశాబ్దాలు పడుతుంది. ఈ పురుగులో వారాలు చాలు. 1993లో సింథియా కెన్యన్ బృందం, ఒకే ఒక జన్యువులో మార్పు ఉన్న పురుగులు రెట్టింపు కాలం బ్రతికినట్లు చూపింది. తరువాత మొక్కల రసాయనాలనూ పరీక్షించారు. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ పురుగుల ఆయుష్షును పెంచిందని 2004లోను, పసుపులోని కుర్కుమిన్ పెంచిందని 2011లోను పరిశోధన పత్రాలు వెలువడ్డాయి.

ఎందుకు పెంచాయి? మొక్కలు ఇటువంటి రసాయనాలను చాలావరకు తమ ఆత్మరక్షణకే తయారు చేసుకుంటాయి. అవి స్వల్పంగా సోకినప్పుడు పురుగు కణాలు అప్రమత్తమై, తమ మరమ్మతు ఏర్పాట్లను బలపరచుకుంటాయని ఒక వివరణ.

తరువాతి మెట్టు ఎలుక. అమెరికా జాతీయ వార్ధక్య సంస్థ కార్యక్రమం కింద మూడు ప్రయోగశాలల్లో ఎలుకలకు రెస్వెరట్రాల్, కుర్కుమిన్, గ్రీన్ టీ సారం వేర్వేరుగా తినిపించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం వీటిలో ఏదీ ఆయుష్షును చెప్పుకోదగినంతగా పెంచలేదు. పైగా మనం తిన్న కుర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది అత్యల్పం.

ఇక్కడే మన వ్యాకరణ పాఠం అక్కరకు వస్తుంది. "పురుగుల ఆయుష్షును పెంచింది" అన్నది భూతకాలం, జరిగిన సంగతి. "మనుషులలోనూ పెంచవచ్చు" అన్నది సంభావనార్థకం. ఇంకా పరీక్షించవలసిన ఊహ. "ఆయుష్షును పెంచుతుంది" అన్నది తద్ధర్మార్థకం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత నిశ్చయం. ఆ సందేశం మొదటి వాక్యం నుండి మూడవదానికి ఒక్క గంతులో దూకింది. దారిలో "పురుగుల" అన్న మాటను జారవిడిచింది.

సంభావనార్థకానికి "రేపు వాన రావచ్చు" అన్న ఉదాహరణను ఏళ్ళ తరబడి చెబుతున్నాము. ఈసారి ఇంటికి వచ్చిన ఒక ఆరోగ్య సందేశాన్ని తరగతికి తెప్పించండి. క్రియ ఏది, కర్త ఎవరు, ప్రయోగం ఏ ప్రాణి మీద జరిగింది అని పిల్లల చేత అడిగించండి. తల్లిదండ్రులారా, ఆ ప్రశ్నలను ఇంట్లో పెద్దల ముందు తెలుగులోనే అడగనివ్వండి. వంటింటి పసుపు వంటింట్లో ఉండనీయండి. మాత్ర మానడం, మార్చడం వైద్యుని మాట మీదనే జరగాలి.

పద్యానికి పనికివచ్చే తెలుగు, ప్రాణం కాపాడే ప్రశ్నకూ పనికిరావాలి కదా!