చుక్కలు లేని చోట బొమ్మ

ప్రియమైన తల్లిదండ్రులకు,

మీ పిల్లలకు నేను సైన్స్ చెబుతాను. పోయిన నెల ఆరో తరగతిలో నక్షత్ర మండలాల పాఠం చెబుతూ, చుక్కలు కలిపితే బొమ్మ వస్తుందన్నాను. "చుక్కలు లేని చోట బొమ్మ ఉండదా టీచర్?" అని ఒక పాప అడిగింది.

ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదిమవాసులు పాలపుంతలోని నల్లటి చారల్లో ఈము పక్షిని చూస్తారు. సదరన్ క్రాస్ పక్కనున్న నల్లని ధూళి మేఘం దాని తల. మెడ, ఒళ్లు వృశ్చికరాశి వైపు సాగుతాయి. కమిలరాయ్, యువాలయి ప్రజలకు అదే క్యాలెండర్. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఈము పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది. అది నేల మీద ఈములు జతకట్టే కాలం. జూన్, జూలైలలో కాళ్లు కనిపించక, గూటిలో కూర్చున్నట్టు ఉంటుంది. అప్పుడు మగ ఈము గుడ్లు పొదుగుతుంది.

ఉత్తర తీరంలోని యోల్ంగు ప్రజలు సముద్రపు పోటుకు, చంద్రుడికి సంబంధం ఉందని కథల్లో చెప్పుకున్నారు. నీళ్లు చంద్రుడిలోకి నిండుతాయన్న వాళ్ల వివరణ మన పాఠంలో లేదు. కానీ సంబంధాన్ని సరిగ్గా పట్టుకున్నారు. 1632లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో అంతటివాడే ఆ సంబంధం లేదని వాదించాడు.

ఇదంతా క్లాసులో చెబుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ధాన్యం కళ్లంలో ఉన్న రోజుల్లో ఆరుబయట నన్ను పక్కన పడుకోబెట్టుకుని పిల్లలకోడి, గొల్లకావడి చూపించేది. "గొల్లకావడి నడినెత్తికొచ్చింది, ఇక పడుకో" అనేది. హైస్కూల్లో నాలుగు ముక్కలు నేర్చుకుని, అవన్నీ మూఢనమ్మకాలని ఆమె మీద నవ్వాను. తర్వాత ఆమె చెప్పడం మానేసింది. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. నాకు మిగిలినవి ఆ రెండు పేర్లే.

వేసవి సెలవుల్లో ఊరెళ్తారు కదా. ఒక్క రాత్రి ఫోన్లు లోపల పెట్టి, పిల్లల్ని తాతయ్యతోనో అమ్మమ్మతోనో డాబా మీదికి పంపండి. ఏ చుక్కను ఏమంటారో అడగమనండి. మే నెలలో రాత్రి పదింటి ప్రాంతంలో దక్షిణాన, నేలకు దగ్గరగా సదరన్ క్రాస్ మనకూ కనిపిస్తుంది. విన్న పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మనండి.

దీనికి మార్కులు లేవు. జూన్‌లో ఆ నోట్‌బుక్‌ల కోసం ఎదురుచూస్తుంటాను. నాకు రాని పేర్లు నేనూ నేర్చుకోవాలి.

మీ పిల్లల సైన్స్ టీచర్