రెండవ బిగింపు

ఏ పనినైనా ఒకసారి చేసి ముగించామన్న తృప్తి మానవునికి సహజం. అయితే కొన్ని పనులు ముగిశాయని మనం చేతులు కడుక్కున్న పిమ్మట కూడా కొంత మిగిలే ఉంటాయి. పాత మోటారు సైకిలు ఇంజనుకు సిలిండర్ హెడ్ నట్లు బిగించడం అటువంటి పని. పద్యపాఠం చెప్పుకొనే తెలుగు పంతులుకు పానాలతో పనేమిటని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. మా నాన్నగారు విడిచివెళ్ళిన పాత జావాయే నాకా పని కల్పించింది.

జావా చరిత్ర ముచ్చటైనది. చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే పారిశ్రామికుడు 1929లో జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ మోటారు సైకిలు నిర్మాణ హక్కులను కొని, తన పేరులోని మొదటి అక్షరాలను, ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరాలను జోడించి ఆ పేరు పెట్టాడు. మైసూరులో 1961లో వెలసిన ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతబడింది. 2018లో ఆ పేరు మరల వినిపించినా, ఈనాటి బండ్ల ఇంజన్లు వేరు. కనుక పాత బండిలో ఒక్క మర చెడినా దానికి బదులు దొరకడం కష్టం.

ఈ ఇంజనులో పోత ఇనుప సిలిండరుపై అల్యూమినియం హెడ్ కూర్చుంటుంది. నాలుగు స్టడ్లు, నాలుగు నట్లు దానిని అదిమి పట్టుకొంటాయి. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగి, స్ప్రింగువలె హెడ్డును కిందికి లాగుతుంది. మధ్యనున్న కొత్త గాస్కెట్ మొదటి వేడికి అణగి కొంత పలుచబడుతుంది. అప్పుడు నట్టు ఇసుమంతైనా తిరగకుండానే పట్టు సడలుతుంది! మండిన వాయువు ఆ సందున బయటకు తన్నుకొని వస్తుంది. అతుకు వద్ద నల్లని జిడ్డుగీత కనిపిస్తుంది, క్రమంగా గాస్కెట్ కాలిపోతుంది.

మా బండికి ఆ గీత కనిపించినప్పుడు బస్టాండు వెనుకనున్న ఉస్తాదు వద్దకు తీసుకువెళ్ళాను. ఆయన నాన్నగారి స్నేహితుడు, నాకు చాచా. కొత్త గాస్కెట్ వేసి బిగించి, "ఇంకా కూర్చోలేదు బేటా. యాభై కిలోమీటర్లు తిప్పు. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే తోసుకుంటూ రా" అన్నాడు.

తోసుకురమ్మనడంలో శాస్త్రమున్నది. వేడికి అల్యూమినియం ఇనుముకంటె దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడి ఇంజనులో ఉబ్బిన హెడ్డే స్టడ్లను లాగుతుంది గనుక అప్పటి బిగువు నమ్మదగినది కాదు. మరునాడు చాచా ఒక నట్టును కొద్దిగా వదులుచేసి తిరిగి బిగించి, దానికి ఎదురుమూలనున్న నట్టుకు మారాడు. పట్టుకుపోయిన నట్టును వదులుచేయక బిగిస్తే రాపిడియే ఎదురుతిరిగి టార్క్ రెంచిని మోసగిస్తుందట. మన చేతిబలంలో సుమారు పదోవంతే స్టడ్డును సాగదీస్తుంది. తక్కినదంతా రాపిడి తినేస్తుంది. అయినా బలముందికదా అని అతిగా బిగిస్తే మరలు ఊడివస్తాయి.

డబ్బులివ్వబోతే చాచా చేయి అడ్డం పెట్టాడు. "పైసలు మొన్ననే ఇచ్చావు గదా! ఇది మొన్నటి పనే." తరువాత కొంత విచారంగా, "రమ్మంటే వచ్చేవాళ్ళు తక్కువ. గాస్కెట్ కాలినాక వస్తారు" అన్నాడు.

ఆ మాట నన్ను మన తరగతి గదుల వరకు వెంబడించింది. ప్రవేశాల నాడు ప్రతి విద్యార్థిని పేరుపేరునా పలకరిస్తాం. తమ ఇంట మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన బిడ్డలు వీరిలో ఎందరో. మొదటి పరీక్షల వేడి తగిలాక, ఇంటి అవసరాలు పిలిచాక, కొందరు నిశ్శబ్దంగా సడలిపోతారు. హాజరుపట్టీలో పేరు ఉంటుంది, మనసు ఉండదు. జిడ్డుగీత వంటి గుర్తులు ముందే కనిపిస్తాయి: వెనుక బెంచీకి మారడం, అడిగితే తలవంచుకోవడం.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మొదటి పరీక్షల ఫలితాలు వచ్చిన వారంలో, వేడి చల్లారిన పిమ్మట, అధ్యాపకులు ప్రతి విద్యార్థితోను విడిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. గద్దింపు వద్దు, అతిగా బిగిస్తే మరలు ఊడతాయి. విద్యార్థి మిత్రులారా! రమ్మని పిలిచిననాడు మీరు కూడా వెనుదీయక రండి. అది కొత్త పని కాదు, ప్రవేశం నాటి పనే.