కోశాధికారి సంతకం

మా పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో నా సంతకంతో పనిపడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, బ్యాంకు లాకరు, ఎప్పుడైనా కొరియర్ అబ్బాయి చాచిన కాగితం, అంతే. అందుకే మూడేళ్ల కిందట మావారి స్నేహితుడొకాయన ఇంటికొచ్చి, టీ తాగుతూ, "చెల్లెమ్మా, మా సంస్థకి మిమ్మల్ని కోశాధికారిగా అనుకుంటున్నాం" అనగానే పొంగిపోయాను. ట్రెజరర్ అని ఉంటే కాస్త భయపడేదాన్నేమో. కోశాధికారి అన్నారు! బీఏ తెలుగు చదివినదాన్ని పడగొట్టడానికి ఆ ఒక్క మాట చాలు. ఏ కాకతీయుల కొలువులోనో కూర్చున్నట్టనిపించింది.

ఆయన ఆ సంస్థకి సెక్రటరీ. మేడ్చల్‌లో ఒక మేడ మీద పదేళ్లుగా నడుపుతున్నారు. ఇంటరో డిగ్రీనో అయ్యి ఖాళీగా ఉన్న పిల్లలకి మూడు నెలలు ఉచితంగా కంప్యూటరు, ట్యాలీ, కాస్త ఇంగ్లీషు నేర్పించి, చుట్టుపక్కల కంపెనీల్లో ఉద్యోగం చూపిస్తారు. మేడ్చల్, శామీర్‌పేట, అలియాబాద్, ఇంకా లోపలి పల్లెల నుంచి పిల్లలొస్తారు. మొదటి ఆరు కంప్యూటర్లు ఆయన సొంత డబ్బుతో కొన్నవే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేది చదివి మీరాయన్ని దొంగ అనుకోకూడదు.

"నేనేం చెయ్యాలన్నయ్యగారూ?" అంటే "ఏం లేదమ్మా, సంతకం పెడితే చాలు" అన్నారు. నేనూ అలాగే పెట్టాను. చెక్కుల మీద ఆయనదీ నాదీ ఇద్దరివీ ఉండాలి. నెలకోసారి చెక్కు బుక్కు మా ఇంటికొచ్చేది. పది చెక్కుల మీద ఒకేసారి సంతకం పెట్టి పంపేదాన్ని. పేరు లేదు, అంకె లేదు, తేదీ లేదు. మీటింగు మినిట్స్ పుస్తకం కూడా ఇంటికే వచ్చేది. జరగని మీటింగుకి హాజరైనట్టు సంతకం. కూరగాయల బండి దగ్గర రెండు రూపాయల కొత్తిమీరకి బేరమాడే మనిషిని, అక్కడ మాత్రం కళ్లు మూసుకున్నాను. పరాయి డబ్బు కదా, మంచి పనికే కదా అనుకున్నాను. పరాయి డబ్బు కాబట్టే కళ్లు తెరవాలని తోచలేదు.

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఒకమ్మాయి వాళ్లమ్మతో కలిసి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. శామీర్‌పేట దాటాక ఒక చిన్న పల్లె వాళ్లది. తల్లి పూలు కడుతుంది. పిల్ల గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, సెంటర్ కాడ ఫ్లెక్సీ మీద నా ఫొటో ఉంది. జర తీసేయించుండ్రి" అంది.

నాకర్థం కాలేదు. "ఉద్యోగం వచ్చిన వాళ్ల ఫొటోలమ్మా అవి, మంచిదే కదా" అన్నాను.

"నేను ఇరవై రోజులే చేసిన ఆంటీ. మానేసి ఐదు నెలలైతుంది. ఊర్ల అందరు ఫొటో చూసి, జీతమొస్తుంది గదా, ఇంకా అప్పెందుకు కడతలేరని అమ్మను అడుగుతున్నరు."

ఎందుకు మానేశావంటే చెప్పింది. తుర్కపల్లి దగ్గర, జీనోమ్ వ్యాలీ వైపు, మందుల ప్యాకింగులో పని. జీతం పదకొండు వేలు. సెకండ్ షిఫ్టు రాత్రి పదింటికి అవుతుంది. కంపెనీ బండి రాజీవ్ రహదారి మీద దింపిపోతుంది. అక్కణ్నుంచి ఊరికి ఆ టైముకి బస్సు లేదు, ఆటో లేదు. తండ్రి లేని పిల్ల. ఇరవై రోజులు తల్లే ఎవరి బండో బతిమాలుకుని వెళ్లి తీసుకొచ్చేదట.

పసుపు కుంకుమలిచ్చి పంపించాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సెంటరుకి వెళ్లి, కోశాధికారినయ్యాక మొదటిసారి లెక్కల ఫైలు అడిగాను. సెక్రటరీ గారు ఆశ్చర్యపోయారు గానీ ఇచ్చారు.

ఆ ఏడాది ఆదాయం 22,40,000. అందులో 18 లక్షలు ఒక మందుల కంపెనీ ఇచ్చిన సీఎస్సార్ డబ్బు. మిగతావి మనలాంటివాళ్ల చందాలు. ఖర్చు 21,60,000. ముగ్గురు టీచర్ల జీతాలు 7,20,000. అద్దె 5,40,000, అంటే నెలకి నలభై ఐదు వేలు. మా వీధి చివర అంతే పెద్ద మేడ ఇరవై ఐదు వేలకి బోర్డు పెట్టుకుని ఉంది. ఇంటి యజమాని పేరు చూశాను. సెక్రటరీ గారి బావమరిది. పిల్లల బస్ పాసులకి ఖర్చు పెట్టింది ఏడాది మొత్తానికి 60 వేలు. సర్టిఫికెట్ల రోజు ఫంక్షనుకీ, ఫ్లెక్సీలకీ, శాలువాలకీ రెండు లక్షల పైనే.

అద్దె చెక్కులన్నిటి మీదా నా సంతకం ఉంది.

మా అబ్బాయి బీకామ్ చదువుతున్నాడు. వాడూ, వాడి సారూ కలిసి నాకు పాఠం చెప్పారు. మన తెలంగాణ సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు లేనిదే సొసైటీ రిజిస్టరే కాదు. ఆ ఏడుగురూ ఒకరినొకరు చూసుకుంటారనే కదా ఏడుగురు! ఒక్కరే చూసుకుని ఆరుగురు సంతకం పెడితే అది సొసైటీ కాదు, సొంత దుకాణం. ఇక పన్ను సంగతి. మనం ఇచ్చే చందాకి పన్ను మినహాయింపు దొరకొచ్చు, రెండు వేలు మించి నగదుగా ఇస్తే ఉండదు. సంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయానికి ఖర్చు పెట్టాలి. ఆదాయపు పన్ను చట్టంలో ఇంకో నిబంధన ఉంది. సంస్థ సొమ్ము దాన్ని నడిపేవాళ్ల బంధువుల లాభానికి మళ్లితే ఆ మేరకు మినహాయింపు పోతుంది. బంధువులంటే ఎవరో కూడా రాశారు. భార్య తమ్ముడు అందులో ఉన్నాడు.

తర్వాత రిపోర్టు తీశాను. నాలుగు బ్యాచ్‌లు, 120 మంది శిక్షణ, 96 మందికి ఉద్యోగాలు. నూటికి ఎనభై! కంపెనీకి పంపింది ఇదే. ఆ 96 నంబర్లూ కాగితం మీద రాసుకుని, రోజూ మధ్యాహ్నం వంట సామాను సర్దాక పది పది ఫోన్లు చేశాను. 71 మంది ఎత్తారు. మూడు నెలలు నిండా పనిచేసినవాళ్లు 41 మంది. పెళ్లయి వెళ్లినవాళ్లు కొందరు, పై చదువుకి వెళ్లినవాళ్లు కొందరు. దాన్నెవరూ తప్పనలేరు. కానీ ఆడపిల్లల్లో పదకొండు మంది ఒకే మాట చెప్పారు. రాత్రి ఇంటికి రావడానికి బండి లేదు.

కేంద్రం 2014లో మొదలుపెట్టిన గ్రామీణ యువత శిక్షణ పథకం ఒకటుంది, డీడీయూ-జీకేవై అంటారు. అందులో మూడు నెలలు పనిచేసి జీతం అందినట్టు రుజువు చూపిస్తేనే ఉద్యోగం కింద లెక్క. డబ్బు కూడా విడతలుగా, ఆ రుజువులు చూసుకుంటూ ఇస్తారు. మా సంస్థలో మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజే ఫొటో తీసేవాళ్లు. ఖర్చుని 120 మందితో భాగిస్తే తలకి 18 వేలు. నిలబడ్డ 41 మందితో భాగిస్తే 52 వేల పైచిలుకు. ఫోన్ ఎత్తని పాతికమందిలో కొందరు నిలబడే ఉంటారు, కాస్త తగ్గుతుందనుకోండి. అయినా పద్దెనిమిది వేలైతే కాదు.

అద్దెలో నెలనెలా ఎక్కువ పోతున్నది ఇరవై వేలు. రాజీవ్ రహదారి నుంచి పల్లెలకి రాత్రిపూట ఒక ఆటో మాట్లాడితే పద్దెనిమిది వేలు అడిగారు. ఈ రెండంకెలూ పాలవాడి లెక్కల పుస్తకంలో పక్కపక్కన రాసుకుని చాలాసేపు కూర్చున్నాను.

మావారికి చెప్తే, "నీకెందుకే ఈ గొడవ? రాజీనామా ఇచ్చేయ్. ఇది బయటికొస్తే కంపెనీ డబ్బాపేస్తుంది, ఆ పిల్లలకి ఆ పాఠాలు కూడా ఉండవు" అన్నారు. అది నిజమే, నా భయమూ అదే. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. కానీ గుట్టు దాచినంత మాత్రాన లంక నిలబడదు కదా.

మాకు ఈ పాఠం దూరంలో లేదు. మేడ్చల్ రోడ్డు మీద వస్తుంటే దేవరయాంజాల్ దగ్గర 108 అంబులెన్సుల వాళ్ల పెద్ద క్యాంపస్ కనిపిస్తుంది. 2005లో ఆ సేవని మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు గారి కుటుంబమే. అంతకుముందు 2001లో తండ్రి పేరున బైర్రాజు ఫౌండేషన్ పెట్టారు. గోదావరి జిల్లాల పల్లెల్లో గ్రామ్‌ఐటీ పేరుతో, చదువుకున్న పిల్లలకి ఊళ్లోనే కంప్యూటరు ఉద్యోగాలిచ్చిందీ ఆ ఫౌండేషనే. ఎంత మంచి ఆలోచన! కానీ డబ్బూ, పనీ ప్రధానంగా ఆ ఒక్క కుటుంబం నుంచే, ఆ కుటుంబం కంపెనీ నుంచే రావాలి. 2009 జనవరి 7న, కంపెనీ లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపించామని ఆయనే ఉత్తరం రాశారు. ఆ రోజు మా వాళ్లింట్లో సత్యంలో పనిచేసే పిల్లాడొకడు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం నాకింకా గుర్తుంది. 108 ఆగలేదు. దాని ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, ఆ ఏడాదే జీవీకే వాళ్లు బాధ్యత తీసుకున్నారు. ఫౌండేషన్ పనులు మాత్రం కుంచించుకుపోయాయి. పల్లెలో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల చేసిన తప్పేముంది? ఒకే స్తంభం మీద కట్టిన పందిరి అది.

మేము ఆ స్థాయి వాళ్లం కాదు. కానీ మాదీ ఒకే స్తంభం, ఒకే కంపెనీ డబ్బు.

నేను రాజీనామా ఇవ్వలేదు. ముందు ఆ ఫ్లెక్సీ తీయించాను. తర్వాత మీటింగు పెట్టమని ఉత్తరం రాశాను. ఏడుగురిలో ఐదుగురం వచ్చాం. నేను మూడే అడిగాను. అద్దె బజారు ధరకి రావాలి, లేదా ఇల్లు మారాలి, ఆ విషయం మాట్లాడేటప్పుడు సెక్రటరీ గారు గదిలో ఉండకూడదు. మూడు నెలలు నిండితేనే ఉద్యోగం అని రాయాలి. 41 అంకె కంపెనీకి మనమే చెప్పాలి. దానికి ముందు, మూడేళ్లు చూడకుండా సంతకాలు పెట్టినందుకు నాదీ తప్పేనని మినిట్స్‌లో రాయించాను.

సెక్రటరీ గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పదేళ్లు నా జేబులోంచి పెట్టానమ్మా. ఆ రోజు ఎవరూ ఇల్లివ్వకపోతే నా బావమరిది ఇచ్చాడు" అన్నారు. ఆ మాటా నిజమే. ఆ రోజు ఇచ్చినందుకు కృతజ్ఞతని ఏళ్ల తరబడి పిల్లల డబ్బుతో తీర్చుకోకూడదని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. మాలో అందరికంటే పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఆయనే అన్నారు.

కంపెనీ ఒక విడత డబ్బు రెండు నెలలు ఆపింది. ఆ రెండు నెలల్లో జీతం ఆలస్యమై ఒక టీచరమ్మ వెళ్లిపోయింది. మంచి టీచరు. ఆ నష్టం నా ఖాతాలోనే రాసుకున్నాను. తర్వాత వాళ్ల మనిషి వచ్చి, ఫోన్ల కాగితాలన్నీ చూసి, మిగతా డబ్బు విడుదల చేశారు. అద్దె ఇరవై ఆరు వేలకి వచ్చింది. సంక్రాంతి నుంచి రాత్రి ఆటో నడుస్తోంది. ప్రస్తుతం ఐదుగురు అమ్మాయిలు అందులో ఇంటికొస్తున్నారు. ఫొటో పిల్ల మాత్రం మళ్లీ ప్యాకింగుకి వెళ్లనంది. అలియాబాద్‌లో ఒక మందుల షాపులో చేరింది, జీతం తక్కువే అయినా చీకటి పడేలోపు ఇంట్లో ఉంటుంది. ఆ ఫ్లెక్సీ వాళ్లమ్మ అడిగి తీసుకెళ్లి, ఫొటోలు లోపలికొచ్చేలా తిప్పి కట్టెల మోపు మీద కప్పింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, మనలాంటి ఆడవాళ్లని ఇలాంటి కమిటీల్లో పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది. నెమ్మదస్తులం, ఎదురడగమని కాబోలు. మిమ్మల్నీ అడిగితే సంతోషంగా ఒప్పుకోండి. కానీ ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. డబ్బు ఎవరికెళ్తోందో, వాళ్లు మనలో ఎవరికైనా చుట్టమో అడగండి. ఉద్యోగం వచ్చిందన్న పిల్లల్లో పదిమందికి మీరే ఫోన్ చేయండి. చందా ఇచ్చేవాళ్లైతే రసీదుతో సరిపెట్టుకోకుండా ఆ ఏడాది ఆడిట్ కాగితం చూపించమనండి. చీటీ వేసేముందు ఎన్ని ఆరాలు తీస్తామో, ఇక్కడ అందులో సగం తీసినా చాలు.

సెక్రటరీ గారు ఇప్పుడు మా ఇంటికి టీకి రావడం లేదు. మావారితో ఫోన్లో మాట్లాడతారు, నన్ను అడిగినట్టు చెప్పమనరు. చెక్కులు మాత్రం బిల్లులతో సహా పంపుతున్నారు, వరసగా గుచ్చి, ఒక్కటి తప్పకుండా. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగు. ఏడుగురికీ సరిపడా టీ ఫ్లాస్కులో పోసి తీసుకెళ్తాను.