బరువు పందెం

గౌలి అంటే పాడిపశువులు పెట్టుకున్న మనిషి. ఆ పేరున్న గౌలిపురలో కూర్చుని ఎనిమిది మంది ఆడవాళ్ళం మీగడ పెరుగు మానేస్తామని ఒట్టు పెట్టుకోవడం స్థలమహిమకు కాస్త విరుద్ధమే. అయినా పెట్టుకున్నాం. మా బడి స్టాఫు రూములో ఈ ఏడు బరువు పందెం నడుస్తోంది. తలకు వంద రూపాయలు. దసరా సెలవులిచ్చేనాటికి ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్ళకి ఆ డబ్బుతో చీర. ఎనిమిది వందలకి ఏం చీర వస్తుందని అడక్కండి. పత్తర్‌గట్టీలో బేరమాడ్డం తెలిసినవాళ్ళకి వస్తుంది.

ఆలోచన లెక్కల టీచరుది. ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది గానీ ముహూర్తమే కుదరలేదు. ఆషాఢంలో మొదలు పెడదామంటే బోనాలు. లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి జాతర నాడు ఇంటికొచ్చిన చుట్టాలకు వండి పెట్టి మనం మజ్జిగ తాగి కూర్చుంటామా? శ్రావణంలో నోములూ, వాయనం శనగలూ. వినాయక చవితికి ఉండ్రాళ్ళు. బతుకమ్మ సద్దుల నాడు మలీద ముద్దలు. పోనీ పండగలన్నీ అయ్యాకే అంటే సంక్రాంతి సకినాలు కాచుకుని ఉంటాయి. చివరికి ఉర్దూ మేడం తేల్చేసింది. "ఇయ్యాలనే షురూ చెయ్యండి అక్కా. రంజాన్ దాకా ఆగితే హలీం ముందర నా మాట మీద నాకే భరోసా లేదు!"

సైన్సు మేడం ఇంట్లోంచి బరువు మిషను తెచ్చింది. మాది పాతకాలపు కట్టడం, కింద షాబాదు బండలు. కిటికీ దగ్గర నిలబడితే ఒక బరువు, బీరువా దగ్గర నిలబడితే కిలో తక్కువ! అందరూ బీరువా వైపే వెళ్ళడం చూసి ఆవిడ ఒక చదునైన బండ వెతికి చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. సోమవారం పొద్దున, ప్రార్థనకు ముందు, ఆ గీతలోనే. ఒకే రోజులో మనిషి బరువు కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది కనుక వేళ మారకూడదట. తాళంచెవుల గుత్తీ, చెప్పులూ తీసెయ్యాలి. పట్టుచీరలు కట్టరాదు. డ్రిల్లు టీచరు గాజులు కూడా తీసి బల్లమీద పెట్టి ఎక్కింది. మంగళసూత్రాల మాట ఎవరూ ఎత్తలేదు లెండి.

వయసైనా చెబుతాం గానీ బరువు చెబుతామా? అందుకని అసలు అంకె లెక్కల టీచరు నోటుబుక్కులోనే ఉంటుంది. గోడమీది కాగితానికి ఎక్కేది నూటికి ఎంత తగ్గామన్నదే. న్యాయం కూడా అదే. ఎనభై కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే నూటికి 5. యాభై ఆరు కిలోల మనిషి అదే 4 తగ్గితే 7 దాటుతుంది. ఆ నూటికి 5 తగ్గినా చాలు, సుగరూ బీపీ దారిలోకి రావడం మొదలు పెడతాయని డాక్టర్లంటారు.

మొదటి సోమవారం సోషల్ టీచరు రెండు కిలోలు తగ్గి కూర్చుంది! వారమంతా అన్నం ముట్టలేదట. చీర రంగు గురించి కూడా ఆలోచించేసుకుంది. సైన్సు మేడం వచ్చి ఆ సంబరం మీద నీళ్ళు చల్లింది. నిజంగా నీళ్ళే! మన ఒంట్లో కాలేయం, కండరాలు దాచుకునే పిండిపదార్థం గ్రాముకు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుందట. అన్నం మానగానే ముందు పోయేది ఆ నిల్వా, ఆ నీళ్ళూ. రెండు పూటలు పులిహోర తింటే తిరిగొచ్చేస్తాయి. కొవ్వు అంత సులువుగా కదలదు. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. లెక్కల టీచరు వెంటనే బోర్డెక్కింది. రోజుకు మూడు టీలు, టీకి రెండు చెంచాల పంచదార, చెంచాకు 20 కేలరీలు. పంచదార మానేస్తే రోజుకు 120, రెండు నెలలకు 7,200. అంటే కాగితం మీద కిలోకు కాస్త తక్కువ. కాగితం మీద అని ఎందుకన్నానంటే, బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన తిండీ తగ్గి లెక్క మందగిస్తుంది. పంచదార లేని టీ తాగుతూ ఆవిడ పెట్టిన మొహం మాత్రం ఏ లెక్కకూ అందదు.

ఇక హిందీ టీచరు. మా అందరిలోకీ చిన్నది. అయిదడుగులుంటుంది, 41 కిలోలు. పందెంలో తనూ వంద వేసింది. ఆయమ్మ ఊరుకోలేదు. "నువ్వేం తగ్గుతవ్ బిడ్డా? గాలొస్తే చార్మినార్ కాడ దొర్కుతవ్!" అంది. అందరం నవ్వాం. సైన్సు మేడం నవ్వలేదు. ఎత్తుకు తగ్గ బరువు చూసే సూత్రం ఒకటుంది. కిలోల్ని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. దీన్ని 1830లలో కట్టిన కెట్లే అనే బెల్జియం ఆయన వైద్యుడు కూడా కాదు, గణాంకాల మనిషి. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో వచ్చింది. మన దేశంలో వైద్యులు 23 దాటితే అధిక బరువంటారు, 25 దాటితే స్థూలకాయమంటారు. 18.5 లోపైతే తక్కువ బరువు. ఆ పిల్లది 17.7.

ఆ మధ్యాహ్నం ఒకరి డబ్బా ఒకరం పరీక్షగా చూశాం. చూస్తే ఏముంది? లెక్కల టీచరు డబ్బాలోనూ, హిందీ టీచరు డబ్బాలోనూ ఒకటే సరుకు. అన్నం, పప్పుచారు, మూలన ఇంత ఆవకాయ. పొద్దున ఏం తిన్నారంటే ఇద్దరిదీ ఒకటే జవాబు. టీ. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, అందరికీ టిఫిన్లు పెట్టి, డబ్బాలు కట్టి, ఆటో పట్టుకునేసరికి తనకంటూ వేళ ఉండదు. ఒంటిగంట దాకా కడుపు ఖాళీ. ఒకరు ఆ ఆకలికి సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లలు వదిలేసిన మురుకులూ, గిన్నెలో మిగిలిన ఉప్మా పారెయ్యలేక తింటారు. ఒకరికి ఆ మిగిలేదీ ఉండదు. ఒకే అలవాటుతో ఇద్దరు ఈ చివరా ఆ చివరా చేరారు.

సైన్సు మేడం పట్టుబట్టి మమ్మల్ని బస్తీ దవాఖానాకు తీసుకెళ్ళింది. ఈ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి, రక్తపరీక్షకు డబ్బు తీసుకోరు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఎనిమిది మందిలో అయిదుగురికి లేదు. హిందీ టీచరుకు 9. అందరిలోకీ బరువైన లెక్కల టీచరుకు 10.4! ఒళ్ళుంటే రక్తమూ ఉంటుందనుకునే మన పెద్దవాళ్ళకి ఈ కాగితం చూపించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 30 మంది అధిక బరువు, 57 మందికి పైగా రక్తహీనత అని తేలింది. ఈ రెండు జాబితాల్లోనూ పేరున్నవాళ్ళు మా స్టాఫు రూములోనే ముగ్గురున్నారు.

దాంతో పందెం నిబంధనలు మారాయి. హిందీ టీచరు వంద ఆమెకే ఉంది గానీ పందెం పైకి. ఆమె పేరు ఎదుట బాణం గుర్తు కూడా పైకే వేశాం. అన్నం తిన్నాక గంటదాకా టీ లేదు, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. డబ్బాలో ఆకుకూర, పైన నిమ్మకాయ. బరువు మిషనుతో పాటు కుట్టుపని టీచరు టేపు కూడా వచ్చింది. ఆడవాళ్ళ నడుం 80 సెంటీమీటర్లు దాటకూడదు. టేపుకు షాబాదు బండలతో పేచీ లేదు. అన్నిటికన్నా కష్టమైన నిబంధన ఒకటుంది. గేటు దాటే ముందే ఎవరి టిఫిను వాళ్ళు కూర్చుని తినాలి. నిలబడి, గరిట చేత్తో పట్టుకుని తింటే చెల్లదు.

మొన్న సోమవారం నేనూ ఏడింటికి రెండు ఇడ్లీలు పళ్ళెంలో పెట్టుకుని అందరికన్నా ముందు పీట మీద కూర్చున్నాను. మా అత్తగారు పూజ మధ్యలో ఆపి, దగ్గరికొచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"ఏవమ్మా, ఒంట్లో బాగాలేదా?"