మూడు కాళ్ళ నడక

తిరుపతి కాళ్ళ ఊరు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు... దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళు కాళ్ళనే నమ్ముకుని కొండెక్కుతారు. దారి మొదట్లోనే తలయేరు గుండుకు మోకాళ్ళు ఆనించి నొప్పులు రాకూడదని మొక్కుకుంటారు. చివర్లో వచ్చే మోకాళ్ళ పర్వతం సంగతి ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు! ఎముకలు విరిగినవాళ్ళకూ, కాళ్ళు చచ్చుబడినవాళ్ళకూ కొండ కిందే తితిదే వారి బర్డ్ ఆసుపత్రి ఉంది.

మరి నాలుగు కాళ్ళ జీవాల సంగతి? వాటికీ ఇక్కడో ఆసరా ఉంది. 1950ల నాటి పశువైద్య కళాశాల, 2005లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. ఇక్కడి పశువుల ఆసుపత్రి దగ్గర కాసేపు నిలబడితే పల్లెల నుంచి వచ్చిన ఆవులు, మేకల పక్కనే పట్నం ఇళ్ళ కుక్కలూ కనిపిస్తాయి. రాత్రీ పగలూ యాత్రికుల బళ్ళు తిరిగే ఊరు కదా... చక్రం కింద కాలు నలిగిన కుక్కలకు కొదవుండదు.

మా నల్లోడి ముందు కాలు అలాగే నలిగింది. ఎముక పొడిపొడి అయింది, కాలు తీసేయాలన్నారు.

‘మూడు కాళ్ళతో ఎట్లా బతుకుతాడప్పా?’ అంది మా అమ్మ.

‘కాలు పోయిందన్న దిగులు మనకేనమ్మా. దానికుండేది నొప్పి, భయం. ఆ రెండూ తగ్గిస్తే చాలు’ అన్నారు డాక్టరుగారు.

ఎక్కువగా కాలిని పైదాకా తీసేస్తారు. సగం మిగిలిస్తే ఆ మొండిని కుక్క నేలకు ఆనించి పుండు చేసుకుంటుంది. అందుకే మనుషుల్లా కృత్రిమ కాలు పెట్టించడం అన్ని కుక్కలకూ కుదరదు. కుక్క బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ళే మోస్తాయి. కాబట్టి వెనక కాలు పోయినదాని కంటే ముందు కాలు పోయినదానికి తూకం కుదరడం కాస్త కష్టం. అయినా చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లోనే లేచి గెంతుతూ నడుస్తాయి.

నేల మార్చండి

నల్లోడు ఆసుపత్రి మట్టినేల మీద నడిచాడు. ఇంటికి రాగానే కదల్లేదు! కారణం మన నున్నటి టైల్సు. ఒక్కసారి జారితే చాలు, కుక్క ఇక ఆ గదిలో అడుగుపెట్టదు. పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్నుంచి వాకిలి దాకా కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. నీళ్ళ గిన్నెను చిన్న పీట మీద పెట్టాం. మెట్లకు అడ్డు కట్టాం.

కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గాయం నాక్కోకుండా మెడకు గరాటా లాంటి ప్లాస్టిక్ కాలర్ ఉండాల్సిందే. నొప్పి మాత్రలు డాక్టరు ఇచ్చినవే వేయాలి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్క ప్రాణానికే ముప్పు. ఉన్నట్టుండి కుయ్యిమని ఉలిక్కిపడుతుంటే లేని కాలు నొప్పి పుడుతోందేమో... మనుషుల్లో ఉన్నట్టే కుక్కల్లోనూ అది ఉండొచ్చంటారు. డాక్టరుకు చెప్పాలి.

ఇక ఒళ్ళు పెరగనివ్వకూడదు. జాలిపడి పెరుగన్నం రెండు ముద్దలు ఎక్కువ పెడితే ఆ బరువంతా మోయాల్సింది మిగిలిన మూడు కాళ్ళే!

భయం తీరేదాకా

గాయం మానినా నల్లోడు గడప దాటలేదు. బండి చప్పుడైతే వణికేవాడు. పిలిస్తే తోక ముడుచుకునేవాడు. పిరికి కుక్కకు కావలసింది కచ్చితమైన దినచర్య. అన్నం ఒకే వేళకు, మందు ఒకే మనిషి చేత్తో. చూడ్డానికొచ్చే చుట్టాలు చుట్టూ మూగకూడదు. ఎత్తుకుని బయటికి తీసుకుపోకుండా, వాకిట్లో పీట వేసుకుని కూర్చోవాలి. అది తనంతట తాను ఒక్క అడుగు వేస్తే ఓ ముక్క పెట్టాలి. మా ఇంట్లో గడప నుంచి గేటు దాకా రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత తెల్లవారుజామున అయిదేసి నిమిషాల నడక... ఎండ ముదిరితే తారు రోడ్డు పాదాలు కాలుస్తుంది మరి.

మే నెల వచ్చిందంటే తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం... రోజుకో వేషం, వీధంతా డప్పులు. అప్పుడు లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను వేసి పక్కన కూర్చున్నాం. భయపడే కుక్కను నిమిరితే భయం పెరుగుతుందన్నది అపోహే. దగ్గరికొస్తే నిమరండి. మరీ వణికిపోతుంటే, జాతరకు ముందే డాక్టరును అడిగితే మందు ఇస్తారు.

2019లో తిరుమల నుంచి శబరిమలకు నడిచిన 13 మంది అయ్యప్ప భక్తుల వెంట ఓ వీధికుక్క 480 కిలోమీటర్లు నడిచింది. పాదానికి గాయమైతే భక్తులే వైద్యం చేయించారు. దాన్నెవరూ తాడు కట్టి లాగలేదు. తోడున్నవాళ్ళ మీద నమ్మకం కుదిరితే కుక్క ఎంత దూరమైనా వస్తుంది.

మూడు కాళ్ళ కుక్క ఎదురైతే ‘అయ్యో పాపం’ అని మీద పడకండి. కాస్త పక్కకు జరిగి దారివ్వండి. నడక దానికొచ్చు!