పేజీ తిప్పే ముందు

రాత్రి మా నాలుగేళ్ల మనవరాలికి ఏడు చేపల కథ బొమ్మల పుస్తకం చదువుతున్నా. గడ్డిమేటు బొమ్మ దగ్గర ఆగి, "అమ్మడూ, ఈ ఒక్క చేపే ఎందుకు ఎండలేదంటావ్?" అన్నాను. ముందు సూర్యుడి మీద, తర్వాత గడ్డిమేటు మీద వేలు పెట్టి చూసింది. "నీడలో ఉంది తాతా. పక్కకి జరిపితే ఎండేది కదా!"

కథలో ఎవరికీ రాని ఆలోచన అది! ఎంత ముచ్చటేసిందో.

ఆ తర్వాత ప్రతి పేజీ తిప్పే ముందూ "ఇప్పుడెవర్ని అడుగుదాం?" అని ఆగి, మనసులో పది లెక్కపెట్టుకున్నా. ఇందులో కష్టమల్లా ఆ పది అంకెలసేపు మాట్లాడకుండా ఉండటమే. జవాబు మనమే చెప్పేశామా, పిల్ల చూపు పుస్తకం మీంచి ఫ్యాన్ మీదకి పోతుంది.

1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్లకి అటూఇటూగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకి నేర్పింది ఇలాంటిదే. అవును, కాదు అనిపించే ప్రశ్నలు తగ్గించి ఏమిటి, ఎలా అని అడగాలి. పిల్ల అన్న మాటకి ఇంకో మాట చేర్చాలి. నెల తిరిగేసరికి, ఎప్పట్లాగే చదివి వినిపించిన పిల్లలకన్నా వీళ్లు మాటల్లో ముందున్నారు.

కథ చివర, పాపాయిని కుట్టిన చీమ దగ్గరికొచ్చేసరికి మనవరాలు పుస్తకం లాక్కుంది. "ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. చీమకి కూడా నొప్పెట్టిందా?"

ఆలోచిస్తున్నా. తనూ ఏమీ అనకుండా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.